ఆ గడి ఖాళీగా ఎందుకు వదిలానంటే

మొన్న మా తమ్ముడు నా బల్ల మీదున్న కాగితం ఒకటి తీసి చదివాడు. ఒక యూనివర్సిటీలో మెదడు, నరాలు, కండరాల జబ్బుల మీద పరిశోధన చేసే విభాగానికి నేను ఏటా కొంత డబ్బు పంపిస్తాను. దాని తాలూకు ఫారం అది. అందులో ఒక గడి ఉంటుంది: "మీ విరాళాన్ని ఏ పరిశోధనకు వాడమంటారు?" అని. నేను ఆ గడిలో ఏమీ రాయలేదు.

"అదేంటక్కా, నీ జబ్బు మయస్థీనియాకే వాడమని రాయొచ్చుగా? ఇలా వదిలేస్తే ఇంకెవరి పనికో పోతుంది."

"ఇంకెవరి పనికో పోవాలనే వదిలేశాన్రా" అన్నాను.

వాడు నావైపు అదోలా చూశాడు. వివరంగా చెబుదామంటే అప్పటికే సాయంత్రమైంది. సాయంత్రాలు నా గొంతు నాకు సహకరించదు. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే అయిదోది ముక్కులోంచి వస్తుంది. అందుకే వాడికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి గొంతుతో పని లేదు, మధ్యలో ఆగి చేతులకు విశ్రాంతి ఇవ్వొచ్చు.

నేను లెక్కల టీచర్ని. ఏడేళ్ల కిందట, నాకు 33 ఏళ్లప్పుడు, బోర్డు మీద లెక్క చేస్తుంటే చెయ్యి తనంతట తానే కిందికి దిగిపోవడం మొదలైంది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పైకెత్తిన చెయ్యి అక్కడ నిలవదు, అంతే. మొదటి పీరియడ్‌లో ఏమీ ఉండదు. నాలుగో పీరియడ్‌కి సగం లెక్క దగ్గర సుద్దముక్క ఎడమ చేతికి మార్చుకునేదాన్ని. ఒకరోజు వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "టీచర్, మీకు జలుబు చేసిందా?" అనడిగాడు. జలుబు లేదు. నా గొంతు మారిపోయిన సంగతి నాకంటే ముందు వాడు కనిపెట్టాడు.

తర్వాత కుడి కనురెప్ప వాలడం మొదలైంది. రాత్రి నోట్సులు దిద్దుతుంటే ఒక్కో అంకె రెండుగా కనపడేది. డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళ్లేదాన్ని. ఆ వేళకి నా కన్ను, గొంతు, చేతులు అన్నీ మామూలుగా ఉండేవి. ఆయన గుండె చూశారు, థైరాయిడ్ చూశారు, చివరికి "టెన్షన్ తగ్గించుకోండమ్మా, రెస్ట్ తీసుకోండి" అన్నారు. రెస్ట్ తీసుకుంటే నిజంగానే తగ్గేది. దాంతో ఆయన మాటే నిజమనుకుని 14 నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత చిన్న పనికే అలిసిపోతున్నానేంటని.

చివరికి కళ్లద్దాలు మార్చుకుందామని వెళ్తే, అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను ఒక నిమిషం పాటు రెప్ప వేయకుండా పైకప్పు కేసి చూడమంది. 40 సెకన్లు గడిచేసరికి కుడిరెప్ప మెల్లగా దిగిపోయింది. ఆవిడ ఒక ఐస్ ముక్కని గ్లవ్‌లో పెట్టి, మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఉంచింది. తీసేసరికి రెప్ప మళ్లీ పైకి లేచింది. నేను అద్దంలో చూసుకుని ఏడ్చేశాను. అది నా బద్ధకం కాదని మొదటిసారి కళ్లారా చూశాను మరి.

ఆ తర్వాత నరానికి సెకనుకు మూడు చొప్పున చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చి కండరం స్పందన కొలిచారు. ఒక్కో దెబ్బకీ స్పందన తగ్గుతూ వచ్చింది. రక్తపరీక్షకి పంపారు. వారం రోజులకి కాగితం మీద ఒక పేరు వచ్చింది: మయస్థీనియా గ్రావిస్.

తమ్ముడూ, నీకు చెప్పాలనుకున్నది ఆ రక్తపరీక్ష గురించే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

నరం కండరాన్ని నేరుగా తాకదు. రెండింటి మధ్యా కంటికి కనపడనంత సన్నని ఖాళీ ఉంటుంది. కదలమని చెప్పాలంటే నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ ఖాళీ దాటి, కండరం మీదున్న రిసెప్టర్లని తాకాలి. తాళంలో తాళంచెవి పడ్డట్టు. నాలాంటి వాళ్లలో మన రోగనిరోధక వ్యవస్థే ఆ తాళాల మీదికి యాంటీబాడీలని పంపుతుంది. అవి కొన్ని తాళాలని మూసేస్తాయి, కొన్నిటిని ధ్వంసం చేస్తాయి. నరం వరసగా సంకేతాలు పంపుతుంటే ప్రతిసారీ విడుదలయ్యే రసాయనం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అది ఎవరికైనా జరిగేదే. తాళాలు నిండుగా ఉన్నవాళ్లకి ఆ తేడా తెలియదు. నాకు తెలుస్తుంది. నాలుగో పీరియడ్‌కి చెయ్యి దిగిపోవడం వెనకున్న కథ ఇదే. మందు గురించి నీకు తెలుసు, నా ఫోన్లో మోగే అలారాలు వింటూనే ఉంటావు. ఆ మాత్ర ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కాసేపు ఆపుతుంది. మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది.

ఇదంతా మనిషికి ఎలా తెలిసింది?

మయస్థీనియా రోగుల దగ్గర కూర్చుని మొదలుపెడితే తెలియలేదు. 1850ల్లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త దక్షిణ అమెరికా వేటగాళ్లు బాణాలకు పూసే కురారే విషాన్ని కప్పలకిచ్చి చూశాడు. కప్ప కదలదు, కానీ దాని కండరానికి నేరుగా కరెంటు పెడితే ముడుచుకుంటుంది. అంటే విషం కండరాన్ని చంపలేదు, నరం మాట కండరానికి చేరకుండా అడ్డుకుందన్నమాట. 1934లో లండన్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే డాక్టర్ తన పేషెంటుని చూసి, ఈ నీరసం అచ్చం కురారే ఎక్కినట్టే ఉందని గమనించింది. కురారేకి విరుగుడుగా వాడే ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. వాలిన రెప్ప లేచింది. నేనిప్పుడు వేసుకునే మాత్ర ఆ ఇంజెక్షన్ కుటుంబంలోదే.

అయినా జబ్బుకి కారణం ఏంటో ఇంకా తెలియదు. తెలియాలంటే ఆ రిసెప్టర్ అనే తాళాన్ని చేతికి అందేలా విడదీయాలి. అది మామూలు కండరంలో చాలా తక్కువ. దేంతో పట్టుకోవాలి?

1963లో తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో చాంగ్, లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కట్లపాము విషంలోంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని విడదీశారు. వాళ్ల ప్రశ్న, ఈ పాము కరిస్తే మనిషి ఎందుకు చచ్చుబడిపోతాడన్నది. జవాబేంటంటే, ఆ విషం సరిగ్గా ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌నే పట్టుకుని వదలదు. అలా పాము విషం జీవశాస్త్రానికి ఒక కొక్కెం అయింది. ఇక రిసెప్టర్లు పుష్కలంగా ఎక్కడ దొరుకుతాయి? ఎలక్ట్రిక్ ఈల్ అనే నీటిజీవిలో. 600 వోల్టులకు పైగా షాక్ ఇచ్చే ఆ చేప కరెంటు అవయవం నిజానికి రూపు మారిన కండరమే. నిండా ఈ రిసెప్టర్లే.

కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ ప్యాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ ఆ చేప నుంచి రిసెప్టర్లని శుద్ధిచేసి కుందేళ్లకి ఎక్కించారు. వాళ్లకి కావాల్సింది యాంటీబాడీలు, తమ ప్రయోగాలకి పనిముట్టుగా వాడుకోడానికి. తీరా చూస్తే కుందేళ్లు మెడ నిలపలేక వాలిపోయాయి. మయస్థీనియా నిర్ధారణకి అప్పట్లో మనుషుల్లో వాడిన మందు ఇస్తే కాసేపు కోలుకున్నాయి. 1973లో ఆ ఫలితం అచ్చయింది. ఆ ఏడాదే అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్యామ్‌బ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి కలిసి, రేడియోధార్మికత పూసిన ఆ పాము విషాన్నే వాడి, మయస్థీనియా రోగుల కండరంలో రిసెప్టర్లు బాగా తగ్గిపోయాయని లెక్కపెట్టి చూపించారు. 1976కల్లా రోగుల రక్తంలో యాంటీబాడీలని కొలిచే పరీక్ష వచ్చింది. ఆ పరీక్షలోనూ రిసెప్టర్‌ని గుర్తుపట్టేది కట్లపాము విషమే. రిసెప్టర్ కోసం వాడింది, ఎవరికో కాలు తీసేసినప్పుడు ఆ కాలిలోంచి తీసుకున్న కండరం.

నాకు 14 నెలలు దొరకని పేరు ఒక గొట్టం రక్తంతో దొరికిందంటే వెనక ఇంత ఉంది. పాము మీద పనిచేసినవాళ్లని, చేప మీద పనిచేసినవాళ్లని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, "మీది ఏ జబ్బుకు సంబంధించిన పరిశోధన?" అనే గడిలో వాళ్లేం రాసేవాళ్లు? మయస్థీనియా రోగులందరూ కలిసి విరాళాలు పోగుచేసి, "ఇది మా జబ్బుకే వాడాలి" అని షరతు పెట్టి ఉంటే, ఆ డబ్బు పాము దగ్గరికి వెళ్లేదా? కట్లపాము గురించి తెలుసుకోవాలనుకున్నవాళ్లకి ఎవరో ఒక ల్యాబు, జీతం, నాలుగు గాజు గొట్టాలు ఇచ్చారు. వాళ్లెవరో నాకు తెలియదు. నేను వాళ్లకి రుణపడి ఉన్నాను. ఆ గడి ఖాళీగా వదలడం ఆ రుణం తీర్చుకోడానికి నాకు తెలిసిన పద్ధతి.

ఇదేదో ఒక్క జబ్బు కథ అనుకోకు. స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ అని పసిపిల్లల్లో వచ్చే జబ్బుంది. తీవ్రమైన రకంలో, మందు లేని రోజుల్లో, చాలామంది పిల్లలు రెండో పుట్టినరోజు చూసేవాళ్లు కాదు. 1995లో ఫ్రాన్స్‌లో జుడిత్ మెల్కీ బృందం ఆ జన్యువుని కనుక్కుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబొరేటరీలో ఏడ్రియన్ క్రైనర్ అసలు ఈ జబ్బు మీద కాదు, కణాల్లో జన్యువుకి నకలులాంటి ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికించే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఇంకో బృందం ఆ కత్తిరించి అతికించే పని సరిగా జరగకుండా అడ్డుకునే ఒక చిన్న ముక్కని గుర్తించి 2006లో ప్రచురించింది. ఇవన్నీ కలిసి 2016 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన మొదటి మందు అయ్యాయి. జన్యువు దొరికాక 21 ఏళ్లు. ఈ మధ్యలో ఏ అయిదో ఏడో, పదో ఏడో "ఫలితమేదీ?" అని డబ్బు ఆపేసి ఉంటే?

డబ్బు ఆగడమంటే ఏంటో నేను చూశాను కూడా. రెండేళ్ల కిందట పరిశోధన కోసం నా రక్తం శాంపిల్ తీసుకునే ల్యాబుకి వెళ్లినప్పుడు అక్కడి రిసెర్చ్ స్కాలర్ ఒకమ్మాయి ఖాళీగా కూర్చుని ఉంది. పాత గ్రాంటు అయిపోయింది, కొత్తది రావడానికి నాలుగు నెలలు పడుతుందట. రసాయనాలు ఆర్డర్ పెట్టడానికి లేదు. ల్యాబులో 11 ఏళ్లుగా ఉన్న టెక్నీషియన్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కండరం ముక్కని వెంట్రుక కంటే సన్నగా కోయడం అతనికి వచ్చినట్టు ఇంకెవరికీ రాదని ఆ అమ్మాయి చెప్పింది. పీహెచ్‌డీకి అయిదేళ్లు పడుతుంది, గ్రాంటు మూడేళ్లకి వస్తుంది. మిగతా రెండేళ్లు ఎలా అన్నది ఎవరి ఫారంలోనూ ఉండదు.

దాతలు మెషీన్ కొనివ్వడానికి ముందుకొస్తారు. దాని మీద పేరు రాయించుకోవచ్చు. దాన్ని తప్పు పట్టను, ఆ మెషీన్లూ కావాలి. కానీ ఆ మెషీన్ని నడిపే మనిషి జీతానికి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కరెంటు బిల్లుకి, అనుకున్నట్టు రాని ప్రయోగాన్ని ఇంకోసారి చేసి చూడటానికి ఎవరు ఇస్తారు? నా డబ్బు చిన్నది. చిన్న డబ్బు అలాంటి చోటే పనికొస్తుంది. ఒక కొత్త ఆలోచన పనికొస్తుందో లేదో చూసే మొదటి ప్రయోగానికి పెద్ద సంస్థలు డబ్బివ్వవు, ముందు ఆధారం చూపించమంటాయి. ఆ ఆధారం దొరకడానికి కావాల్సింది కొద్ది నెలల ఖర్చు.

ఆ మైనస్ 80 ఫ్రీజర్ల గదిలో నా థైమస్ గ్రంథి ఉంది. ఛాతీలో, గుండెకి కాస్త పైన ఉండే గ్రంథి అది. నాలాంటి చాలామందిలో తప్పుడు యాంటీబాడీల తయారీకి అదొక కేంద్రం. 35 ఏళ్లప్పుడు ఆపరేషన్ చేసి తీసేశారు. ముందురోజు రాత్రి ఒక డాక్టరు రెండు సమ్మతి పత్రాలు తెచ్చింది. ఒకటి ఆపరేషన్‌కి. రెండోది, తీసేసిన గ్రంథిలో పరీక్షకి పోగా మిగిలింది పారేయకుండా పరిశోధనకి ఇవ్వడానికి. భయంతో చేతులు వణుకుతున్నా రెండో కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టాను.

అసలు ఆ ఆపరేషన్‌కి నేను ధైర్యం చేసింది కూడా వేరేవాళ్ల వల్లే. థైమస్ తీయడం 1930ల నుంచీ ఉంది. నిజంగా మేలు చేస్తుందా అన్నది మాత్రం దశాబ్దాల పాటు ఎవరి నమ్మకం వాళ్లదిగా ఉండిపోయింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన జాన్ న్యూసమ్ డేవిస్, మరికొందరు కలిసి అనేక దేశాల్లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. థైమస్‌లో కణితి లేని రోగుల్ని లాటరీ తీసినట్టు రెండుగా విడదీసి, ఒక గుంపుకి ఆపరేషన్‌తోపాటు స్టెరాయిడ్, రెండో గుంపుకి స్టెరాయిడ్ మాత్రమే ఇచ్చారు. ఆయన 2007లో, పరీక్ష పూర్తికాకముందే చనిపోయారు. మిగతావాళ్లు కొనసాగించారు. 2016లో ఫలితం వచ్చింది. మూడేళ్లు గమనిస్తే, ఆపరేషన్ అయినవాళ్లకి నీరసం తక్కువ, స్టెరాయిడ్ అవసరమూ తక్కువ. ఎంతమంది మీద చేశారో తెలుసా? 126 మంది. దేశదేశాలు వెతికితే అన్నేళ్లకి అంతమందే చేరారు. ఛాతీ కోస్తారో లేదో లాటరీ తేలుస్తుందని తెలిసి ఒప్పుకున్న ఆ 126 మంది పేర్లు నాకు తెలియవు. నా డాక్టరు ఆ పేపర్ ప్రింటు తీసి నా చేతిలో పెట్టినప్పుడు నేను ఆపరేషన్‌కి సరే అన్నాను.

కాబట్టి డబ్బు ఇవ్వలేనివాళ్లు బాధపడక్కర్లేదు. అరుదైన జబ్బుల్లో రోగుల రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవడమే పెద్ద సాయం. ఆరు నెలలకోసారి అవే ప్రశ్నలు వస్తాయి: మెట్లు ఎక్కగలుగుతున్నారా, జుట్టు దువ్వుకోగలుగుతున్నారా, ఎంతసేపు మాట్లాడగలుగుతున్నారు. విసుగ్గానే ఉంటుంది. కానీ మందు లేకపోతే జబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తేనే కదా, మందు పనిచేసిందని చెప్పగలిగేది. ఇక మెదడు జబ్బుల సంగతి వేరు. కండరంలోంచి ముక్క తీసి చూడొచ్చు, బతికున్న మనిషి మెదడులోంచి అలా తీయలేం. అందుకే, చనిపోయినవాళ్ల మెదడుని పరిశోధన కోసం దాచే మెదడు బ్యాంకులు. నేను అందులో కూడా పేరు ఇచ్చాను. చనిపోయిన కొద్ది గంటల్లో కబురు వెళ్లాలి కాబట్టి నీకూ, మీ బావకీ ఆ నంబరు రాసి ఇచ్చాను. దాన్ని ఎక్కడ పెట్టావో ఒకసారి చూసుకో.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. పరిశోధన పేరు చెప్పి రోగి దగ్గరే లక్షలు గుంజేవాళ్లున్నారు. మూలకణాలు ఎక్కిస్తాం, నరాలు మళ్లీ మొలుస్తాయి అంటారు. నన్నూ పిలిచారు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది, ట్రయల్ ఎక్కడ నమోదైంది అని అడిగితే ఫోన్ పెట్టేశారు. నిఖార్సయిన పరిశోధన సమ్మతి పత్రం ఇస్తుంది, రిస్కులు చెప్తుంది, ఎప్పుడైనా తప్పుకోవచ్చంటుంది. ప్రయోగం కోసం పేషెంటు నుంచి ఫీజు అడిగితే నేను అక్కణ్ణుంచి లేచి వచ్చేస్తాను.

ఇదంతా రాసి తమ్ముడికి పంపాను. చదివాడో లేదో ఏమీ చెప్పలేదు. కానీ నిన్న శాంపిల్ ఇవ్వడానికి ల్యాబుకి వెళ్తుంటే, నేను దింపుతానని బండి తీశాడు. లోపల ఆ స్కాలరమ్మాయి ఉంది. గ్రాంటు వచ్చిందట. నా చేతికి పట్టీ కడుతూ వాడి వైపు చూసి, "మీరు ఆవిడ సొంత తమ్ముడేనా? మీరు కూడా ఇస్తారా?" అనడిగింది.

"నేనా? నాకు ఏ జబ్బూ లేదండీ" అన్నాడు వాడు.

"అందుకే కావాలండీ" అంది ఆ అమ్మాయి. జబ్బున్న రక్తంలో ఏది తేడాగా ఉందో తెలియాలంటే పక్కన జబ్బు లేని రక్తం పెట్టి చూడాలని, ఒకే ఇంటివాళ్లదైతే ఇంకా మంచిదని చెప్పింది. సమ్మతి పత్రం ఇచ్చింది. వాడు మూడు పేజీలూ చదివాడు, రెండు చోట్ల ప్రశ్నలడిగాడు, సంతకం పెట్టాడు. చొక్కా చెయ్యి మడుచుకుంటూ నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సూది చూస్తే వాడికి చిన్నప్పటి నుంచీ భయం. కళ్లు గట్టిగా మూసుకుని, "అయిపోయిందా అక్కా?" అన్నాడు. ఇంకా గుచ్చనే లేదు.